పెరటి తొట్టికి క్రొత్త గచ్చు

ముంగిటి ముగ్గునుబట్టి ఇల్లాలి నేర్పును లోకము కొలుచుచుండును. కాని యింటి మంచిచెడ్డలు నిజముగా తెలియునది పెరటిలోనే. నుయ్యి, తులసికోట, కరివేపచెట్టు, అంట్లుతోము గట్టు, నీళ్లతొట్టి, ఇవియన్నియు స్త్రీల చేతిక్రిందివి. ముందరి గోడలకు సున్నము కొట్టించుటకు సంక్రాంతికి ఎట్లో సొమ్ము దొరకును. పెరటి మరమ్మతునకు మాత్రము ఏ పండుగకును దొరకదు. అట్లు ఏండ్ల తరబడి దిక్కులేక పడియున్న యొక తొట్టిని స్వల్పవ్యయముతో మేమెట్లు బాగుచేసికొంటిమో, ఏల బాగుచేసికొంటిమో సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేమనగా ఒక్క యింటి తోడికోడండ్ర మిద్దరము. మా యూరు నిజాంపట్నము.

కృష్ణా పశ్చిమ డెల్టా చిట్టచివర సముద్రపుటొడ్డున నున్న యూరిది. 2022 ఏప్రిలు వఱకు గుంటూరు జిల్లాలో నుండెను. ఇప్పుడు బాపట్ల జిల్లాలోనిది. పెట్టపోలి యని విదేశీయులు పిలుచుచు వచ్చిన పాత రేవు ఇదియే. 1606లో డచ్చివారును, 1611లో ‘గ్లోబు’ అను ఓడలో వచ్చిన ఇంగ్లీషువారును ఇచ్చట వర్తకమునకై దిగిరి. నేడు మాకు చేపల రేవు, రొయ్యల చెఱువులు, మడ అడవులు కలవు. ఎటు చూచినను నీరే. అయినను ఇంటివాడుకకు తియ్యని నీరు మాత్రము ఎప్పుడును కొఱతయే. నుయ్యి త్రవ్విన ఉప్పునీరు పడును. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు వచ్చి యీ ప్రాంతమునకు ప్రాణము పోసినవి. కాని కాలువ కొసనున్నవారికి నీరు అందఱికంటె ఆలస్యముగా వచ్చును, అందఱికంటె ముందుగా కట్టుబడును. అందుచేత వచ్చినప్పుడే పట్టి నిలువచేసికొనుట మా పెద్దల యలవాటు. పెరటి తొట్టి పుట్టినది ఆ యవసరమునుండియే.

మా యింటి తొట్టికి మఱియొక కారణము కూడ కలదు. మా మామగారికి మేనత్త యొకతె యుండెడిది. ఏడేండ్ల పిల్ల. 1936లో కాలువ రేవునకు బిందెతో పోయి కాలుజారి మునిగిపోయెను. రేవులో అప్పుడు నలుగురు స్త్రీలున్నారట. ఒక్కరికైనను ఈత రాదు. వారి కేకలు విని పొలమునుండి మగవారు పరుగున వచ్చునప్పటికి అంతయు ముగిసిపోయినది. ఆ దుఃఖము ఆఱకమునుపే మామగారి తండ్రి 1938లో పెరటిలో ఈ తొట్టి కట్టించిరి. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. ఇటుక గోడలు, గానుగసున్నపు గచ్చు, మూలను నాలుగు మెట్లు. ఇంటికి నీరు నిలుచును, ఇంటి పిల్లలు ఈత నేర్తురు అని వారి యూహ. వారి సంకల్పము గొప్పది. కాని ఆచరణలో ఆ తొట్టిలో ఈత నేర్చినవారందఱు మగపిల్లలే. ఆడపిల్ల మునిగిపోయినందులకు కట్టిన తొట్టిలో ఎనుబదేండ్లకు పైగా ఒక్క ఆడపిల్లయైనను దిగలేదు. ఇంతకంటె వింత యేమున్నది?

మేము కాపురమునకు వచ్చునప్పటికే తొట్టి పాడుపడినది. కుళాయి వచ్చిన పిదప దాని యక్కఱ తీరెను. వెనుకనెప్పుడో ఒకమాఱు గచ్చుపైన సిమెంటు పూత పూయించిరట. మూడేండ్లు తిరుగకుండ అది అప్పడమువలె ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయినది. అడుగున బీటలు, బీటలలో రావిమొక్క, గోడల మొదట తెల్లని ఉప్పుపూత. వానకాలమున నిలిచిన మురుగులో దోమలు, వేసవిలో కొబ్బరిమట్టల కుప్ప. ఇదియే దాని స్థితి.

ఇంతలో ఇంటి మగవారికి ఒక యోచన తోచినది. తొట్టిని మట్టితో పూడ్చి, దానిపై నొక రేకుల గది వేసినచో రొయ్యల మేత బస్తాలు పెట్టుకొనుటకు ఎవరైనను అద్దెకు తీసికొందురు, నెలనెలకు నాలుగు రూకలు వచ్చును అని. ఆ మాట తీసివేయదగినది కాదు. మా యింట సొమ్ము విరివిగా లేదు. పిల్లల చదువులు నానాటికి ప్రియమగుచున్నవి. అయినను మాకు మనసొప్పలేదు. మాకిద్దఱికి చెఱియొక కూతురు కలదు. ఒకతెకు పదునొకండవ యేడు, రెండవదానికి తొమ్మిదవ యేడు. బడికి పోవుదారిలో కాలువ, ఇంటి వెనుక రొయ్యల చెఱువులు, నాలుగు అడుగులు వేసిన సముద్రము. ఇట్టి యూరిలో పుట్టిన పిల్లలకు నీటిలో తేలుట రాకపోవుట వంట రానిదానికంటె పెద్దలోటు కాదా?

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము 2021వ సంవత్సరమున లోకమంతటను మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు అయిదేండ్లలోపు శిశువులు. 1977 నవంబరు 19న దివిసీమపై విఱుచుకుపడిన ఉప్పెన వేలకొలది జనమును మ్రింగినది. అట్టి యుప్పెనకు ఎంతటి గజయీతగాడును నిలువలేడు. కాని పిల్లలు పోవుట తఱుచుగా ఉప్పెనలలో కాదు. మోకాటిలోతు అనుకొన్న కాలువలో, ఆడుకొను గుంటలో, బట్టలుదుకు రేవులో పోవుచున్నారు. అచ్చట రెండు నిమిషములు తేలగలిగిన చాలును, ప్రాణము దక్కును.

ఈ మాటలే ఒకనాటి రాత్రి భోజనములైన పిదప చెప్పితిమి. అత్తగారు ఒప్పుకొనలేదు. “ఆడపిల్లలకు ఈతెందుకమ్మా? ఉన్న గొయ్యి పూడ్చుకోక మళ్లీ నీళ్లు నింపి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?” అనిరి. ఆ భయము న్యాయమైనదే. మామగారు చాలసేపు మాటలాడక కూర్చుండి, చివరకు తాము కన్నులార చూడని ఆ మేనత్త పేరు చెప్పి, “మా నాయన ఇది కట్టింది మాకోసం కాదు, దానికోసం. మేమే అడ్డంగా వాడుకున్నాం” అనిరి. అటుపై ఎవరును వాదింపలేదు. ఒక షరతు మాత్రము నిలిచినది. ఖర్చు మా కొబ్బరికాయల సొమ్ములోనే జరుగవలెను. నీరు నిలువని యెడల పైయేడు పూడ్చివేయవలెను. ఆ షరతునకు మేము తల యూపితిమి.

మొదట పట్టణమునుండి యొక కంట్రాక్టరును పిలిపించితిమి. ఆయన తొట్టిని పైనుండియే చూచి, పాతదంతయు పగులగొట్టి ఇనుపచువ్వలతో కాంక్రీటు పోసి లోపల నీలిరంగు పలకలు పఱువవలె ననెను. ఆయన చెప్పిన మొత్తము వినగానే మా షరతు గుర్తువచ్చి, కాఫీ యిచ్చి సాగనంపితిమి. పిమ్మట మా వీధిలోని వారొకరు రేపల్లె వైపు గ్రామమునందున్న యొక వృద్ధ మేస్త్రిని తీసికొనివచ్చిరి. ఆయన తొట్టిలోనికి దిగి, చెప్పులు విడిచి, తాపీ పిడితో గోడ పొడవునను తట్టుచు పోయెను. కొన్నియెడల ఖణేలుమని, కొన్నియెడల డొల్లగా మ్రోగినది. డొల్ల మ్రోగినచోటనెల్ల బొగ్గుతో గీత గీసెను. “అమ్మగారూ, సిమెంటు పూత మొత్తం చచ్చిపోయింది. దానికింద పాత గచ్చు మాత్రం రాయిలా ఉందండి. అడుగునా మొదళ్లలోనే పోయింది. బతికున్నదాన్ని ఎందుకు పగలగొట్టటం?” అనెను. ఎక్కువ ఖర్చు తప్పించినది ఈ తట్టిచూచుటయే. ఏ పాతకట్టడమునకైనను వెల కట్టించుకొనుటకు ముందు ఇట్లు తట్టించి చూడుడని మా మనవి.

సున్నపు గోడపై సిమెంటు ఏల నిలువలేదని మేమడిగితిమి. ఆయన చెప్పినదానిని, పుస్తకములవలన తెలిసికొన్నదానిని కలిపి యిచ్చట వ్రాయుచున్నాము. సున్నముతో కట్టిన ఇటుకగోడ మెత్తనిది. ఎండకు, తేమకు కొంచెము సాగును, కొంచెము కుదియును. లోని చెమ్మను పైకి విడుచుచుండును. సిమెంటు అట్లు గాక బిఱుసైనది, ఊపిరి ఆడనీయదు. మా నేలలో ఉప్పు మెండు. ఆ ఉప్పునీరు గోడలోనికెక్కి, బయటికి దారిలేక పూతవెనుక నెండి, పలుకులుగా గట్టిపడి పూతను లోపలినుండి నెట్టివేయును. పెచ్చులూడుట కిదియే కారణము. ఇక కాంక్రీటులోని యినుమునకు ఉప్పుగాలి శత్రువు. త్రుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీల్చును. సముద్రతీరమున నివసించువారెల్లరు ఎఱిగిన బాధయే యిది.

మఱి సున్నము నీటిలో కరగిపోదా యను సందేహము రావచ్చును. ఉత్త సున్నమైనచో నీటిక్రింద గట్టిపడదను మాట నిజమే. సున్నపురాతిని కాల్చినప్పుడు అందలి బొగ్గుపులుసుగాలి పోవును. తడిసి గోడకెక్కిన పిదప అదే గాలిని తిరిగి పీల్చుకొని మరల రాయియగును. నీటిక్రింద గాలి యందదు గదా! దీనికి పెద్దలు కనిపెట్టిన యుపాయము ఇటుకపొడి. దీనినే సుర్కీ యందురు. కాలిన మట్టిలోని యిసుకసారము సున్నముతో కలిసి, గాలి లేకున్నను నీటిలోనే బిగిసికొనును. రోమకులు కుండపెంకుల పొడిని సున్నముతో కలిపి స్నానశాలలకు, నీటితొట్లకు పూసిరి. హంపీలోని రాణీవాసపు స్నానశాల ఇటుక సున్నముల కట్టడమే. నాలుగున్నర వేల యేండ్లకు దగ్గఱగా వయసుగల మొహెంజొదారో మహాస్నానవాటికలో ఇటుకల వెనుక నీరు ఊరకుండ తారువంటి జిగట పదార్థము దట్టించిరి. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో పచ్చి వెలగకాయ మొదలైనవాని కషాయముతో వజ్రలేపమును చేయు విధము వివరించెను. నీటిని నిలుపు పూత మన దేశమునకు క్రొత్తవిద్య కాదు.

ఇక పని విషయము. కాలము మొదట నిర్ణయించుకొనవలెను. వానకాలమున నేలలోని నీరు పైకి పొంగియుండును. అప్పుడు తొట్టిని ఖాళీచేసినచో అడుగునుండి నీరు నెట్టి గచ్చును పగులగొట్టును. నడివేసవిలో పూత తడియాఱక మునుపే ఎండి బీటలు వాఱును. కనుక మేము మాఘమాసము చివర ఆరంభించి, ఫాల్గుణమున ముగించితిమి.

సామగ్రి లెక్క ఆడవారు సులభముగా వేసికొనవచ్చును. మా తొట్టి అడుగు 240 చదరపుటడుగులు, నాలుగు గోడలు 256, వెరసి 496. అంతటను ముప్పాతిక అంగుళము మందమున పూసినచో 31 ఘనపుటడుగుల అడుసు పట్టును. మేమట్లు చేయలేదు. గీత గీసిన డొల్లచోట్లు సుమారు 120 చదరపుటడుగులకు మాత్రమే అర అంగుళపు క్రిందిపూత వేయించి, మొత్తముపై పావు అంగుళపు పైపూత వేయించితిమి. ఇది 15 ఘనపుటడుగుల చిల్లరయైనది. అనగా సామగ్రి సగము మిగిలినది. సున్నము, ఇటుకపొడి, ఇసుక సమభాగములు. కలిపినప్పుడు గుల్ల తగ్గును గనుక లెక్కకంటె మూడవవంతు హెచ్చుగా తెచ్చుకొనవలెను.

సున్నము పిడుగురాళ్ల బట్టీలలో కాలినది రేపల్లెలో కొంటిమి. మా తీరమున గుల్లలు కాల్చి చేయు సున్నమును మంచిదే గాని, ఆ గుల్లలు తియ్యని నీట బాగుగ కడిగినవి కావలెను. ఇటుకపొడికి పైకము పెట్టలేదు. పెరటిలో కూలిన పాత పశువులకొట్టము ఇటుకలే దంచి జల్లించితిమి. మాడి నల్లబడిన ఇటుక పనికిరాదు; దోరగా కాలిన యెఱ్ఱని ఇటుకయే సున్నముతో బాగుగ కలియును. ఇసుక కృష్ణ యిసుకయే కావలెను. సముద్రపుటిసుక దగ్గఱ నున్నదిగదా యని తెచ్చినచో ఉప్పును కొని తెచ్చుకొన్నట్లే.

సున్నపుగడ్డలను నీటిలో వేయవలెను గాని, గడ్డలపై నీరు పోయరాదు. కుతకుత నుడికి పైకి చిందును. కన్నులలో బడిన చూపు పోవు ప్రమాదము కలదు. పిల్లలను దరి చేరనీయక, కన్నులకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసికొని ఆ పని చేయించితిమి. అట్లు విరిసిన సున్నమును గుంటలో మూడు వారములు నీటిక్రిందనే నాననిచ్చితిమి. వెన్నవలె నైనది. పూర్వము దీనిని ఎద్దు గానుగలో రుబ్బెడివారు. మాకు గానుగ యెక్కడిది? నాపరాతి పలకపై పోసి, ఇటుకపొడి ఇసుకలతో కలిపి, మేమును ఇద్దఱు కూలి స్త్రీలును రోకళ్లతో దంచితిమి. కరక్కాయలను నలుగగొట్టి నానవేసిన నీటిని, కొంచెము బెల్లపునీటిని ఆ యడుసులో చేర్చిరి. దానివలన అడుసు జిగిగా సాగును, త్వరపడి బిగియదు. బెల్లము మితము మీఱరాదు. మీఱినచో బిగిసికొనుటయే మానును. దంచుచుండగా వీధివారు వచ్చి, “ఏమిటమ్మా, అప్పుడే ఆవకాయకు కారం కొడుతున్నారా?” అని నవ్విరి.

ఊడిన సిమెంటంతయు ఉలితో తీసి, బీటలలోని రావివేళ్లు పెకలించి, గోడలను తియ్యని నీటితో నాలుగు దినములు మాటిమాటికి కడిగి ఉప్పు దిగనిచ్చితిమి. పాత గచ్చుపై చిన్న గాట్లు పెట్టించితిమి; నునుపైన దానిపై క్రొత్తపూత అంటుకొనదు. పూతకు ముందు గోడను బాగుగ తడిపిరి. క్రిందిపూత వేసిన మూడవనాడు కొయ్యపలకతో మరల మరల ఒత్తి తట్టి సన్నని బీటలను మూసిరి. వారము గడచిన పిమ్మట పైపూత. దానిపై సున్నపుమీగడ పలుచగా రాచి, ఏటిలోని నున్నని గులకరాతితో మెఱుగు పెట్టిరి. అడుగునకును మెట్లకును మాత్రము మెఱుగు వలదంటిమి. అచ్చట జారుట యపాయము.

పూతకంటె ముఖ్యమైనది తడి. గోనెపట్టాలు కప్పి మూడు వారములు ఎండనీయక తడుపుచు వచ్చితిమి. ఈ పనికి కూలి యక్కఱలేదు, శ్రద్ధ కావలెను. తెల్లవాఱి యొకమాఱు, మధ్యాహ్న మొకమాఱు, దీపము పెట్టు వేళ నొకమాఱు. ఒకరు పుట్టింటికి పోయినచో రెండవవారు చూచుచుంటిమి.

పరీక్షదినము వచ్చినది. సాయంకాలమునకు మూడడుగుల నీరు నింపి, గోడపై బొగ్గుగీత గీసి, మెట్టుపై నొక నిండు బకెట్టు నీరు పెట్టి అందును గీత గీసితిమి. ఎండకు గాలికి ఇగురు నీరు రెండింటను సమానముగా తగ్గును. తొట్టిలో ఎక్కువ తగ్గినచో అది కాఱుటయే. మఱునాడు సాయంకాలము చూడగా బకెట్టులో తగ్గినది గింజంత. తొట్టిలో బొటనవ్రేలి వెడల్పు. ఇంటివారెవరు నేమియు ననలేదు గాని, మేతబస్తాల గది మా కన్నులయెదుట లేచి నిలిచినట్లాయెను. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మఱునాడు మేస్త్రి వచ్చి, నీటిలో పసుపు కలిపి నెమ్మదిగా గోడ ప్రక్కల వదలుచు పోయెను. అన్నిచోట్లను పసుపు నిలిచినది. పాత తూము కడ మాత్రము సన్నని దారమువలె లోనికి పోయినది. గచ్చులో దోషము లేదు. ఎనుబదేండ్లనాటి తూముగొట్టము చుట్టు సందు పడినది. నీరు తోడి, ఆ సందులో కొబ్బరిపీచును సున్నపుటడుసును కూరి, చుట్టును మరల గచ్చు పూసి పదునాలుగు దినములు తడిపిరి. రెండవ పరీక్షలో బకెట్టును తొట్టియు సరిసమానము. మామగారు ఆ రెండు గీతలను తామే కళ్లద్దములు పెట్టుకొని చూచి, “పూడ్చే మాట ఇక ఎత్తకండి” అని కుమారులతో ననిరి.

నీటి సంగతి కూడ చెప్పవలెను. క్రొత్త సున్నపు తొట్టిలో మొదట నింపిన నీరు క్షారముగా నుండి కన్నులను, చర్మమును మండించును. మొదటి రెండు నింపులు పిల్లలను దింపక అట్లే తోడివేసితిమి. తరువాత బజారున దొరకు పరీక్షకాగితముతో చూచి, ఏడున్నరకు ఇటునటుగా వచ్చిన పిదపనే దింపితిమి. కాలువ వచ్చినప్పుడు గుడ్డతో వడియగట్టి నింపుదుము. వానకాలమున డాబానీరు గొట్టముతో చేరును. మూడడుగులు నింపిన ఇంచుమించు 20 వేల లీటర్లు. అందులకు క్రొత్త బ్లీచింగు పొడి 120 గ్రాములు వేఱొక బకెట్టులో కలిపి, మడ్డి దిగిన పిదప పైతేట మాత్రము సాయంకాలమున పోయుదుము. పిల్లలు మఱునాటి యుదయమున దిగుదురు. నీరు తేటగా అడుగు కనబడుచుండవలెను. అడుగు కనబడనినాడు ఎవ్వరును దిగరాదు. మార్చు నీరు రెండుదినములు ఎండకు విడిచి కొబ్బరిచెట్లకు పెట్టుదుము. వాడని కాలమున తొట్టిని పొడిగా నుంచవలెను. లేనిచో దోమలకు పుట్టినిల్లు, ఇంటికి జ్వరము.

అత్తగారి భయమునకు సమాధానము మాటలతో కాక పనితోనే చెప్పితిమి. తొట్టిచుట్టు ఛాతీయెత్తు వెదురుదడి, దానికి గడియ, గడియకు తాళము. తాళపుచెవి అత్తగారి కొంగుననే యుండును. పెద్దవారు గట్టుపై కూర్చుండనిదే పిల్లలు దిగరాదు. కూర్చున్నవారి చేతిలో పొడవైన వెదురుగడ తప్ప వేఱు పని, ముఖ్యముగా ఫోను, ఉండరాదు.

ఈత నేర్పుటకు చేపలరేవు దాపుననున్న యొక మత్స్యకార స్త్రీని బతిమాలితిమి. ఆమె మొదట చేతులు కాళ్లు ఆడింప నేర్పలేదు. మోము నీట ముంచి ఊపిరి వదలుట, వెల్లకిల తేలుట, గట్టు పట్టుకొనుట, ఇవియే పదిదినములు. “తేలడం వస్తే ఈత దానంతటదే వస్తదమ్మా” అని యామె మాట. బట్టల గుఱించి ఇరుగుపొరుగు కొంత గొణిగిరి. పిల్లలకు మోకాళ్లు దాటు లాగులు, బిగువైన చొక్కాలు మేమే కుట్టితిమి, గొణుగుడు ఆగెను. రెండవ నెలలో మా పిల్లలతోబాటు వీధిలోని యేడుగురు ఆడపిల్లలు వచ్చుచుండిరి.

ఆడువారికి ఈత వయసు మీఱినదనుకొనుట యుత్తమాట. 1959లో ఆరతీ సాహా ఇంగ్లీషు కాలువను ఈది, ఆ పని చేసిన మొదటి ఆసియా వనిత యనిపించుకొన్నది. మన తెలుగు వనిత గోలి శ్యామల నలువదేండ్లు దాటిన పిదప ఈత నేర్చి, 2021లో శ్రీలంకకును మన రామేశ్వరపు తీరమునకును నడుమగల పాక్ జలసంధిని ఈదినది. మేము అంతదూరము పోవలసిన పనిలేదు. పండ్రెండడుగుల వెడల్పు దాటుటకే మాలో పెద్దదానికి నెలన్నర పట్టినది.

ఒకనాటి సాయంకాలము పిల్లలు వెడలిన పిదప అత్తగారు తాళము తీసికొని వచ్చి, తాళము వేయక, మెట్టుపై కూర్చుండి పాదములు నీటిలో పెట్టిరి. “కాపురానికొచ్చిన నాటినుంచీ ఈ తొట్లో నీళ్లు మోశాను గానీ, కాలు పెట్టింది ఇదే మొదలమ్మాయ్” అనిరి. మేమేమియు ననలేదు. ఆమె చీకటి పడువఱకు అట్లే కూర్చుండిరి. తరువాత తామే పోయి, బడి విడిచిన వెంటనే పంపుడని పొరుగింటివారికి చెప్పివచ్చిరి.

వ్యయము సంగతి కడపట చెప్పుచున్నాము. కంట్రాక్టరు చెప్పిన దానిలో అయిదవవంతునకు లోపలనే ముగిసినది. అందులోను పెద్దభాగము మేస్త్రి, కూలివారల చేతికి పోయినది. సామగ్రికి పోయినది కొంచెమే. ఆ సొమ్ము మన యూరివారి యిండ్లలోనే యుండుట మాకు సంతోషము. హైదరాబాదులో చెత్తతో నిండియుండిన బన్సీలాలుపేట మెట్లబావిని శుభ్రముచేసి 2022 డిసెంబరులో మరల తెఱచిరి. అంతటిదే మరల నీరు పట్టగా, మన పెరటి తొట్టి పట్టదా?

సోదరీమణులారా! మీ పెరటిలోను ఇట్టి తొట్టి యొకటి మట్టలక్రింద పడియుండవచ్చును. పూడ్చుటకు ముందు ఒకమాఱు దానిని తట్టి చూడుడు. గట్టిగా మ్రోగినంత మేర నిలుపుకొనుడు, డొల్లనంత మేర మార్చుడు. సున్నము మీద సున్నమునే పూయుడు. తాళపుచెవి భయపడువారి చేతికే ఇండు. నీరు నిలిచిననాడు ఇంటి మగపిల్లలకంటె ముందుగా ఆడపిల్లలను దింపుడు.